బ్రీడర్ దగ్గర నుంచి బయటపడ్డ ల్యాబ్ (లాబ్రడార్ కుక్క) ఫోస్టర్‌కి వస్తోంది: మొదటి నెల ఏం చూసుకోవాలి?

నిజాంపేట_మూడో_అంతస్తు
ఆదివారం ఒక ఆడ ల్యాబ్ మా ఇంటికి ఫోస్టర్‌కి, అంటే దత్తత దొరికేదాకా ఉండటానికి, వస్తోంది. ఐదేళ్లుంటాయి అన్నారు, బరువు 21 కిలోలు. ఇన్నాళ్లూ బ్రీడర్ దగ్గర సిమెంటు గదిలోనే ఉంది, చాలా ఈతలు ఈనింది. నట్టల మందు, మొదటి విడత టీకాలు అయ్యాయి, స్టెరిలైజేషన్ కాలేదు. మాది అపార్ట్‌మెంట్, ఇద్దరం పెద్దవాళ్లం, ఇంట్లో వేరే కుక్కల్లేవు. ముందు ఏది పట్టించుకోవాలో తెలిసినవాళ్లు చెప్పండి.

ల్యాబ్‌ప్రియ_వైజాగ్
ముందు ఆరోగ్యమేనండి. ల్యాబ్‌తో చిక్కేంటంటే ఒంట్లో బాగోకపోయినా తింటుంది, బెదిరిపోయి ఉన్నా తింటుంది. వేరే కుక్క ముద్ద ముట్టకపోతే మనకు తెలిసిపోతుంది, ఇది జ్వరంలో కూడా గిన్నె నాకేస్తుంది. దీనికి పుట్టుకలోనే కారణం ఉంది. పీఓఎంసీ అనే జన్యువులో చిన్న ముక్క లోపించిన ల్యాబ్‌లు సుమారు నాలుగో వంతు ఉంటాయని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో తేల్చారు. వాటికి ఎంత తిన్నా ఆకలి తీరదు. అందుకని "తింటోంది కదా, బాగానే ఉంది" అనుకోవద్దు.

రోజూ పొద్దున్నే పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. లేత గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడ్డ చోట రెండు సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. థర్మామీటర్ కొనకు కొబ్బరినూనె రాసి మలద్వారంలో పెట్టి చూస్తే 101 నుంచి 102.5 ఫారన్‌హీట్ మామూలు, 103 దాటితే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. పొట్ట కింద ఎర్ర చుక్కలు, ముక్కులోంచి రక్తం కనిపిస్తే ప్లేట్‌లెట్లు పడిపోయినట్టే అనుకుని అదే రోజు తీసుకెళ్లాలి.

మొదటి వారంలోనే సీబీసీ (రక్తకణాల లెక్క పరీక్ష) చేయించండి. బ్రీడర్ల షెడ్లలో పిడుదులు ఎక్కువ, టిక్ ఫీవర్ లోపల నెలల తరబడి నక్కి ఉంటుంది. ప్లేట్‌లెట్లు 2 లక్షల పైన ఉండాలి. ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: క్లినిక్‌లో చేసే 4డీఎక్స్ కిట్‌లో ఎర్లీకియా, అనాప్లాస్మా (రెండూ పిడుదుల వల్ల వచ్చేవే), హార్ట్‌వార్మ్ (గుండెలో చేరే పురుగు) తెలుస్తాయి గానీ, పిడుదుల వల్లే వచ్చే బెబీసియా తెలియదు. దానికి రక్తం స్మియర్ (రక్తం చుక్కని మైక్రోస్కోప్ కింద చూడటం) గానీ పీసీఆర్ గానీ విడిగా అడగాలి. ఈ రెండు జబ్బులకీ మందులు వేరు. ఎర్లీకియాకి ఇచ్చే డాక్సీసైక్లిన్‌తో బెబీసియా పోదు.

బొంత_గిన్నె
పైదానికి కలుపుతున్నాను. డాక్సీ రాస్తే సాధారణంగా 28 రోజులు వాడాలి. వారానికే హుషారొచ్చిందని ఆపేస్తే మళ్లీ తిరగబెడుతుంది. పెరుగన్నంలో కలిపి పెట్టే అలవాటు మనవాళ్లకి ఎక్కువ, అది వద్దు. పాలు, పెరుగులోని కాల్షియం మందుని ఒంటికి పట్టనివ్వదు. ఖాళీ కడుపుతో ఇస్తే కక్కేస్తుంది. సగం తిండి పెట్టాక ఉడికించిన చికెన్ ముక్కలో దాచి మాత్ర ఇచ్చి, మిగతా సగం నీళ్లగా కలిపి పెట్టండి. మాత్ర గొంతులో ఆగిపోతే అక్కడ పుండు పడుతుంది.

తిండి సంగతి. ఐదేళ్ల ఆడ ల్యాబ్ 26 కిలోలకి రావాలనుకుందాం. కిలోకి 30 చొప్పున వేసి 70 కలిపితే 850 కిలోకేలరీలు, మొదలుపెట్టేది అక్కడ. ప్యాకెట్ మీద 100 గ్రాములకు 360 అని ఉంటే రోజుకు 235 గ్రాములు, మూడు పూటలుగా. విరేచనం గట్టిగా వస్తోంటే మూడు నాలుగు రోజులకోసారి 30 గ్రాములు పెంచుకుంటూ 330 దాకా వెళ్లండి. వారానికి పావు కిలో నుంచి 400 గ్రాములు పెరిగితే చాలు. తుంటి కీళ్లు అరిగిన కుక్కకి గబగబా బరువెక్కిస్తే లేచి నిలబడటమే కష్టమవుతుంది. ఇప్పటిదాకా ఏం పెట్టారో కనుక్కుని మొదటి నాలుగు రోజులూ అదే పెట్టండి, తర్వాత వారం మీద మార్చండి. ఆవురావురుమని మింగేస్తుంటే గిన్నె బదులు మఫిన్ ట్రేలో గుంటగుంటకీ కొంచెం కొంచెం వేయండి.

ఉల్లి, వెల్లుల్లి ఉన్న కూర గ్రేవీ, ద్రాక్ష, కిస్‌మిస్, ఉడికిన ఎముకలు అస్సలు వద్దు. ఇంట్లో పెద్దవాళ్లకి ఇది మొదటి రోజే చెప్పి ఉంచండి.

నడక_నేస్తం
పారిపోయే ప్రమాదం మొదటి రెండు వారాల్లోనే. ఈ కుక్కలు రోడ్డు చూసి ఎరుగవు, బైక్ హారన్‌కి వెనక్కి నడిచి కాలర్‌లోంచి తల లాగేసుకుంటాయి. హార్నెస్‌కి (ఛాతీ చుట్టూ వేసే పట్టీ) ఒక లీష్, కాలర్‌కి ఇంకో లీష్ కట్టి, రెండూ కలిపి పట్టుకోండి. హార్నెస్ పట్టీకి, ఒంటికి మధ్య రెండు వేళ్లు దూరాలి, అంతకంటే వదులు వద్దు. ఫోన్ నంబరున్న బిళ్ల కారు ఎక్కించే ముందే మెడలో వేయాలి.

లిఫ్ట్ దగ్గర ఇంకో ప్రమాదం ఉంది. కుక్క బయట, మనం లోపల ఉండగా తలుపు మూసుకుంటే లీష్‌తో పాటు మెడ పట్టేస్తుంది. ముందు కుక్కనే లోపలికి పంపి, లీష్ పొట్టిగా చుట్టుకుని, తోకతో సహా లోపలుందని చూశాకే బటన్ నొక్కండి. అడుగు పెట్టనంటే ఈడ్వొద్దు. తలుపు తెరిచి పట్టుకుని గడప దగ్గర నాలుగు ముక్కలు పెట్టి వెనక్కి తీసుకురండి. అలా రోజుకు రెండుసార్లు చాలు. ఈలోపు మెట్లు దిగాల్సి వస్తే తువ్వాలుని నడుము కిందుగా వేసి రెండు కొనలూ పట్టుకుని వెనక కాళ్ల బరువు మీరు మోయండి.

గేటెడ్_గోల
అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లు లిఫ్ట్ వాడొద్దంటే, భారత జంతు సంక్షేమ బోర్డు 2015లో ఇచ్చిన సర్క్యులర్ ప్రింట్ తీసి చూపించండి. పెంపుడు కుక్కల్ని నిషేధించే హక్కు గానీ, లిఫ్ట్ ఎక్కొద్దనే హక్కు గానీ సంఘానికి లేదని అందులో ఉంది.

నిజాంపేట_మూడో_అంతస్తు
అందరికీ థాంక్స్. నిన్న పొద్దున్న వచ్చింది. సోఫా వెనక నక్కింది, అక్కడే తింటోంది. కానీ కింద మట్టిలోకి తీసుకెళ్తే అలా నిలబడిపోతోంది, 16 గంటల నుంచి ఒంటికి పోయలేదు. ఇంకో ప్రశ్న: క్రేట్ (కుక్కని ఉంచే బోను) కొనమంటున్నారు, కొనాలా?

ల్యాబ్‌ప్రియ_వైజాగ్
బెదురుతో ఇలా పట్టి ఉంచడం మామూలే. 24 గంటలు దాటినా, పొట్ట కింద గట్టిగా తగిలినా, కూర్చుని ముక్కుతూ చుక్కలు మాత్రమే పడుతున్నా ఆగకుండా డాక్టర్‌కి చూపించండి.

కారణం మాత్రం మట్టే. పుట్టినప్పటి నుంచి సిమెంటు మీదే పోసిన కుక్క అరికాళ్లకి గడ్డి, మట్టి అంటే బాత్రూం అని తెలియదు. కాబట్టి ముందు సిమెంటు మీదే పోయనివ్వండి. పార్కింగ్‌లో తూము పక్కన, వాచ్‌మన్ కుర్చీకి దూరంగా ఒక మూల చూసుకోండి. పొద్దున ఐదింటికి, బైకులు కదలకముందు తీసుకెళ్లండి. లీష్ మూడు మీటర్లు ఉండాలి, మీరు పక్కకి తిరిగి నిలబడాలి, దాని మొహంలోకి చూడొద్దు. ఐదారు అడుగుల మేర అటూ ఇటూ మెల్లగా నడిపించండి, నడిస్తేనే కదలిక వస్తుంది. పోసేటప్పుడు కేక వేయొద్దు, మధ్యలో ఆపేస్తుంది. అయ్యాక రెండు సెకన్లలో ముక్క పెట్టి, వెంటనే ఇంట్లోకి లాక్కురాకుండా కాసేపు వాసనలు చూడనివ్వండి.

ఇంట్లో పోస్తే గుడ్డతో అద్ది, ఆ గుడ్డ ఆ మూలకి పట్టుకెళ్లి పెట్టండి. నేలని వెనిగర్ నీళ్లతో తుడవండి, ఫినాయిల్ వద్దు. నీళ్లలో కలిపితే తెల్లబడే రకాలు దాని పాదాలకి, నాలుకకి మంచివి కావు. అలవాటయ్యాక రోజుకో అడుగు చొప్పున మట్టి వైపు జరగండి. లేవగానే, తిన్న 20 నిమిషాలకి, పడుకునే ముందు, మధ్యలో మూడు గంటలకోసారి తీసుకెళ్లాలి. ఉన్నచోటే పోసుకుని పడుకున్న కుక్క ఇది, ఆపుకోవాలన్న సంగతే నేర్చుకోవాలి. తిట్టారా, చాటుగా పోయడం నేర్చుకుంటుంది.

బొంత_గిన్నె
క్రేట్ గురించి నా మాట: తలుపున్నది వద్దు. ఏళ్ల తరబడి గదిలో బందీగా ఉన్నదాన్ని మళ్లీ బోనులో పెడితే పళ్లు విరగ్గొట్టుకునేదాకా కొరుకుతుంది.

నడక_నేస్తం
నేను పూర్తిగా ఒప్పుకోను. కారు ప్రయాణానికి, ఆపరేషన్ తర్వాత కదలకుండా ఉంచడానికి క్రేట్ అలవాటు ఉండాలి. ఈ నెలలో మాత్రం వద్దు, అంతవరకు మీతో సరే. ఇప్పటికి డైనింగ్ టేబుల్‌కి మూడు వైపులా దుప్పటి వేలాడదీసి, కింద నాలుగంగుళాల ఫోమ్ మీద బొంత పరవండి. సిమెంటు మీద పడుకుని మోచేతులు కాయలు కాసి ఉంటాయి, పలుచటి పరుపు చాలదు. కుక్కర్ విజిల్, మిక్సీ వినబడే వంటింటి గోడ పక్కన పెట్టొద్దు. టైల్స్ మీద జారితే ఇక ఆ గదిలోకే రాదు, అందుకని దాని పడక నుంచి గుమ్మం దాకా యోగా మ్యాట్లు దారిలా వేయండి.

కుదురుకుందో లేదో పడుకునే తీరు చూస్తే తెలుస్తుంది. మొదట్లో పొట్ట నేలకానించి, తల పైకే పెట్టి కునుకు తీస్తుంది. పక్కకి వాలి, కాళ్లు చాపి, మీరు పక్కనుంచి నడిచినా లేవకుండా పడుకుంటే అప్పుడు నమ్మొచ్చు. చల్లటి గదిలో ఒగర్చడం, ఊరికే పెదవులు నాకడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా చూడటం భయమే, తోక ఊపుతున్నా సరే. అలాంటప్పుడు చుట్టాల్ని పిలిచి చూపించకండి.

గేటెడ్_గోల
స్నానం ఈ వారం వద్దు, తడి గుడ్డతో తుడవండి చాలు. డెట్టాల్ నీళ్లు అసలే వద్దు.

బొంత_గిన్నె
ఒంటరిగా వదలడం ఇప్పుడే మొదలుపెట్టండి. ఆ షెడ్లో పగలూ రాత్రీ పక్కన వేరే కుక్కలున్నాయి, ఒంటరిగా ఉండటం ఇదే మొదటిసారి. తలుపు వేసి 30 సెకన్లు, తర్వాత రెండు నిమిషాలు, తర్వాత ఐదు. పాత ఫోన్‌లో వీడియో పెట్టి చూడండి. తలుపు దగ్గర చొంగ మడుగు కట్టినా, గీతలు పడినా ఎక్కువసేపు వదిలినట్టే, మళ్లీ సగానికి తగ్గించండి.

ల్యాబ్‌ప్రియ_వైజాగ్
స్టెరిలైజేషన్ అయ్యేదాకా నీళ్లు కొలవండి. లీటరు సీసాతో గిన్నె నింపితే చాలు. 21 కిలోలకి రోజుకు ఒకటి నుంచి ఒకటింపావు లీటరు మామూలు, రెండు లీటర్లు దాటితే గర్భసంచిలో చీము పట్టిందేమో చూడాలి. ఎదకు వచ్చిపోయాక నెల రెండు నెలల్లో వస్తుంది, వయసు పెరిగిన, స్టెరిలైజేషన్ కాని కుక్కల్లో భయం ఎక్కువ. కింద నుంచి స్రావం కనిపించవచ్చు, గర్భసంచి నోరు మూసుకుపోయి ఉంటే అదీ కనిపించదు. కడుపు ఉబ్బడం, నీళ్లు తాగడం, నీరసం ఉంటే రాత్రయినా సరే స్కాన్ చేయించాలి. అదే రోజుల్లో బొమ్మల్ని పోగేసి నాకుతూ, పొదుగు నిండితే అది ఉత్తుత్తి చూలు. పాలు పిండొద్దు, పిండితే ఇంకా వస్తాయి. బొమ్మలు తీసేసి డాక్టర్‌తో మాట్లాడండి. ఎద రక్తం ఏ తేదీన మొదలైందో క్యాలెండర్ మీద రాయండి, ఆపరేషన్ తేదీ దాన్నిబట్టే. టిక్ ఫీవర్ ఉంటే ప్లేట్‌లెట్లు మామూలయ్యాకే.

నడక_నేస్తం
దత్తత తీసుకునేవాళ్ల కోసం ఇప్పటి నుంచే ఒక నోట్‌బుక్ పెట్టండి. ఏ శబ్దానికి ఉలిక్కిపడింది, తినేటప్పుడు దగ్గరికెళ్తే బిగుసుకుందా, పిల్లలు కనిపిస్తే ఏం చేసింది, లిఫ్ట్ ఎక్కుతుందా, ఎంతసేపు ఒంటరిగా ఉంటుంది రాయండి. గిన్నె మీద గుర్రుమంటే లాక్కోకండి, దూరం నుంచే ఇంకా రుచైన ముక్క విసిరి పక్కకి వెళ్లండి, అదీ రాయండి. దాచిపెట్టి ఇస్తే రెండో వారానికే తిరిగొస్తుంది. పంపేటప్పుడు టీకా కార్డు, ఆపరేషన్ కాగితం, వారానికి సరిపడా అదే తిండి, ఆ రెండు లీష్‌లు, ఉతకని బొంత ఇవ్వండి.

నిజాంపేట_మూడో_అంతస్తు
పార్కింగ్‌లో తూము పక్కన ఇప్పుడే పోసింది. రేపు సీబీసీకి వెళ్తున్నాం, స్మియర్ కూడా అడుగుతాను.