‘తిర్యక్ తరంగం’లో తిర్యక్ అంటే వాలా, అడ్డమా?

సభ్యులకు నమస్కారం. లోహాల లోపలి లోపాలను వెతికే అతిధ్వని (అల్ట్రాసోనిక్) పరీక్షల్లో షియర్ వేవ్ అనేదాన్ని తెలుగులో ‘ఏటవాలు తరంగం’ అనవచ్చునా అని ఇక్కడ ఒకరు అడిగారు. అనకూడదనీ, పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన ‘తిర్యక్ తరంగం’ అన్న మాటనే నిలుపుకోవాలనీ నా అభిప్రాయం.

ఘనపదార్థంలోని కణాలు తరంగం సాగే దిశ వెంబడే ముందుకూ వెనక్కూ కంపిస్తే అది అనుదైర్ఘ్య తరంగం, ఆ దిశకు లంబంగా కంపిస్తే తిర్యక్ తరంగం. ‘తిర్యక్’ శబ్దానికి అడ్డంగా అనీ వాలుగా అనీ రెండర్థాలూ ఉన్నా ఇక్కడ పనికివచ్చేది మొదటిదే. పశుపక్ష్యాదులను తిర్యక్కులు అనడంలోనూ ఉన్నది ఆ అర్థమే.

చిక్కంతా యాంగిల్ ప్రోబు, అంటే తరంగాన్ని లోహంలోకి వాలుగా పంపే పరికరం, వల్ల వచ్చింది. ఉక్కు వెల్డింగులను పరీక్షించే 45, 60, 70 డిగ్రీల ప్రోబుల (ఇవి ఉక్కు లోపల తరంగం సాగే కోణాలు) నుంచి సాధారణంగా తిర్యక్ తరంగమే లోపలికి వెళ్తుంది కనుక, వాలుగా వెళ్ళడమే దాని లక్షణమని అనిపిస్తుంది. నిజానికి ప్రోబులోని పెర్‌స్పెక్స్ (ఒక పారదర్శక ప్లాస్టిక్) దిమ్మెలో నడిచేది అనుదైర్ఘ్య తరంగం. అది ఉక్కును సుమారు 27.5 డిగ్రీలకు మించిన పతన కోణంతో (తలానికి గీసిన లంబంతో చేసే కోణంతో) తాకినప్పుడు, ఉక్కు లోపలికి అనుదైర్ఘ్య తరంగం వెళ్ళే వీలు పోయి తిర్యక్ తరంగం ఒక్కటే మిగులుతుంది. కోణం అంతకంటె తక్కువైతే రెండూ లోపలికి పోతాయి, రెండూ వాలుగానే పోతాయి. ఆస్టెనైటిక్ స్టెయిన్‌లెస్ స్టీలు వెల్డింగులకైతే అనుదైర్ఘ్య తరంగాన్నే కావాలని వాలుగా పంపే ప్రోబులున్నాయి. ‘ఏటవాలు తరంగం’ అన్న పేరు పెట్టుకుంటే దీన్ని ఏమని పిలవాలి?

పేరు తారుమారైతే కొలత కూడా తారుమారవుతుంది. ఉక్కులో అనుదైర్ఘ్య తరంగ వేగం సెకనుకు సుమారు 5,900 మీటర్లు, తిర్యక్ తరంగానిది సుమారు 3,230 మీటర్లు. 50 మిల్లీమీటర్ల మందం దాటి తిరిగి రావడానికి మొదటిదానికి దాదాపు 17 మైక్రోసెకన్లు పడితే రెండవదానికి 31 పడుతుంది. యంత్రాన్ని ఒక వేగానికి అమర్చి రెండో తరంగపు ప్రతిధ్వనిని చదివితే, లోపం లేని చోట లోపం కనిపిస్తుంది.

పదార్థం పైతలం వెంబడి సాగే ఉపరితల తరంగం సంగతి వేరు. భౌతిక శాస్త్రవేత్త రేలీ 1885లో సిద్ధాంతపరంగా చూపిన ఆ తరంగంలో కణాలు దీర్ఘవృత్తాకారంగా తిరుగుతాయి కనుక ఈ రెండు పేర్లూ దానికి చాలవు, ఉండే చోటును బట్టి పిలవడమే సబబు. దాని దారిలో నూనె తడి వేలు ఆనిస్తే చాలు, తెర మీది ప్రతిధ్వని కుంగిపోతుంది.