వెదురు ఆర్గాన్ వాయించేవారి నేర్పును ఎలా గుర్తించాలి?

ప్రశ్న – లాసన్స్ బే శ్రోత

నేను ముప్పై ఏళ్ళు సరుకు ఓడల్లో ఇంజనీరుగా పనిచేసి, ఇప్పుడు విశాఖపట్నంలో స్థిరపడినవాడిని. చివరి ప్రయాణాలలో ఒకసారి మా ఓడ ఫిలిప్పీన్స్‌లోని మనీలా రేవులో నాలుగు రోజులు నిలిచిపోయినప్పుడు, దగ్గరలోని లాస్ పిన్యాస్ ఊరి చర్చికి వెళ్ళి అక్కడి వెదురు ఆర్గాన్‌ను, అంటే గొట్టాలలోకి గాలి పంపి మెట్లతో వాయించే పెద్ద వాద్యాన్ని, చూశాను. డియెగో సెరా అనే స్పెయిన్ దేశపు ఫాదర్ దానిని 1816లో మొదలుపెట్టి 1824లో పూర్తిచేశారట. దానిలోని 1,031 గొట్టాలలో 902 వెదురువి, మిగిలిన 129 లోహపువి. పురుగు పట్టకుండా ఉండడానికి ఆ వెదురును నెలల తరబడి సముద్రపు ఇసుకలో పాతిపెట్టి ఉంచారని చెబితే, భీమిలి తీరంలో పెరిగిన నాకు ఆయన మీద వెంటనే గౌరవం కలిగింది. భూకంపాలకూ తుపానులకూ దెబ్బతిన్న ఆ వాద్యాన్ని 1973లో జర్మనీలోని బాన్ నగరానికి, ఆర్గాన్లు తయారుచేసే క్లైస్ వారి వర్క్‌షాపుకు పంపి, బాగుచేయించి 1975లో వెనక్కు తెచ్చుకున్నారు.

ఆ రోజు ఒకావిడ పావుగంట సేపు వాయించారు. నేను ఫోనులో రికార్డు చేసుకొని ఇప్పటికి వందసార్లయినా విని ఉంటాను. చివరి భాగంలో కిటికీ దగ్గర పిచ్చుకల గోల ఒకటి అడ్డం వచ్చింది గాని, మిగిలినదంతా శుభ్రంగానే ఉంది.

నా సందేహం ఇది. మా నాన్నగారు పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవారు. రాగం తీసేటప్పుడు ఆయన ఎడమ చెయ్యి తిత్తిని ఎక్కడ గట్టిగా ఒత్తేదో, ఎక్కడ వదిలేదో చూస్తేనే పద్యంలోని భావం తెలిసిపోయేది. ఆర్గాన్‌లో గాలి ఒకే ఒత్తిడితో వస్తుంది, మెట్టును మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా ధ్వని ఒకటే. అటువంటప్పుడు వాయించేవారు చేసే పని ఏమిటి? నేను విని మురిసిపోతున్నది ఆవిడ నేర్పునా, లేక రెండు వందల ఏళ్ళ నాటి వెదురునా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు – పాతనగరం కీబోర్డు

ఇంజనీరు గారికి నమస్కారం. నేను పాతనగరంలోని ఒక చర్చిలో ఇరవై ఏళ్ళకు పైగా కీబోర్డు వాయిస్తున్నాను. పైపులున్న ఆర్గాన్‌ను ఒక్కసారే, అదీ వేరే ఊరిలో, అరగంట సేపు తాకనిచ్చారు. ఆ అరగంటలో నాకు సిగ్గుతో కూడిన పాఠం ఒకటి వచ్చింది.

నేను రోజూ వాయించే కీర్తననే వాయించాను. దానిలో ఒకే స్వరం వరుసగా నాలుగుసార్లు వస్తుంది. మా కీబోర్డులో పియానో ధ్వని పెట్టుకుంటాను కాబట్టి, ప్రతి దెబ్బకూ మోత మొదలై దానంతట అది తగ్గిపోతుంది, వేలు ఎప్పుడు లేపానో ఎవరికీ పట్టదు. ఆర్గాన్‌లో వేలు కింద ఉన్నంతసేపూ స్వరం అదే బలంతో నిలిచి ఉంటుంది, వేలు లేవగానే ఆగిపోతుంది. నా నాలుగు స్వరాలూ కలిసిపోయి ఒకే పొడుగాటి ఈలగా వినిపించాయి. పక్కనున్న పెద్దాయన నవ్వి, నొక్కడం అందరికీ వస్తుంది, లేపడం నేర్చుకో అన్నారు.

మీరు అడిగినదానికి నా జవాబు కూడా అదే. ఆర్గాన్‌లో వేలి బలంతో ధ్వనిని పెంచలేరు గనుక, ముఖ్యమైన స్వరానికి ముందు రెప్పపాటు మౌనం ఉంచుతారు. ఆ మౌనం వల్ల తరువాత వచ్చే స్వరం బరువుగా వచ్చినట్లు చెవికి తోస్తుంది. గది పెద్దదై మోత ఎక్కువసేపు నిలిచేదైతే ఆ సందును పెంచాలి, చిన్న గదిలో తగ్గించాలి. మీ రికార్డులో స్వరాలను వదిలిపెట్టి, సందులను వినండి.

ఇంకొక మాట. లాస్ పిన్యాస్ వాద్యంలో మెట్టుకూ గాలి మూతకూ మధ్య విద్యుత్తు లేదు, కర్రపుల్లల అమరికే ఉంది. అందువల్ల మెట్టు దిగే వేగాన్ని బట్టి గొట్టం నోరు విప్పే తీరులో కొద్దిపాటి తేడా వస్తుంది. బిగ్గరగా, మెల్లగా అన్న తేడా కాదు, మాట మొదట్లో వచ్చే హల్లు కటువుగా పలికిందా, మృదువుగా పలికిందా అన్నంత తేడా.

జవాబు – సీతమ్మధార వాయులీనం

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తున్నాను గాని, నేర్పంతా వేలు లేపడంలోనే ఉందనడం కొంచెం తొందరపాటు. నేను వయొలిన్ విద్యార్థిని. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి పేరున్న కళాక్షేత్రంలో కచేరీలు వింటూ పెరిగిన చెవికి, స్వరాన్ని ఊపి పలికించే గమకమే లేని వాద్యం మొదట రుచించదు. దానిలో గమకాన్ని వెతకడం మన పొరపాటే. అక్కడ వెతకవలసినది గొట్టాల ఎంపిక.

ఆర్గాన్ పక్కన ఉండే లాగుడు పిడులను స్టాప్ అంటారు. ఒక్కొక్క పిడి ఒక్కొక్క వరుస గొట్టాలకు గాలి దారి తెరుస్తుంది. వరుసల పేర్లలోని అడుగులు వాటిలోని పెద్ద గొట్టం పొడవును బట్టి వచ్చినవి. ఎనిమిది అడుగుల వరుస మెట్టుకు సరిపడే స్థాయిలో పలికితే, నాలుగు అడుగులది ఒక స్థాయి పైన, పదహారు అడుగులది ఒక స్థాయి కింద పలుకుతుంది. ఇక స్పెయిన్ పద్ధతిలో చేసిన ఈ వాద్యంలో ఒక చమత్కారం ఉంది. మెట్ల వరుస ఒకటే అయినా, స్టాపులు మధ్యలో రెండుగా విడిపోయి ఉంటాయి. కుడిచేతి వైపు ముందుకు అడ్డంగా పొడుచుకువచ్చిన లోహపు బాకాలను తెరిచి, ఎడమచేతి వైపు వెదురు వేణువులను మాత్రమే ఉంచితే, ఒకే మెట్ల వరుస మీద ఇద్దరు విద్వాంసులు వాయిస్తున్నట్లుంటుంది. ఆ ఎంపిక ఎక్కడా కాగితం మీద పూర్తిగా రాసి ఉండదు. అది వాయించేవారి వివేకం, కాబట్టి ఆ ఘనత ఆవిడదే.

అయితే ఇంజనీరు గారూ, శ్రుతి చేసినవారిని కూడా మరచిపోకూడదు. గాలి వేడెక్కితే పిల్లనగ్రోవి శ్రుతి పెరిగినట్లే ఈ వేణువుల శ్రుతి కూడా పెరుగుతుంది. గాలికి కంపించే రేకు నాలుకలున్న బాకాల శ్రుతి అదే లెక్కన పెరగదు. అందువల్ల మధ్యాహ్నం ఎండకు రెండు రకాల గొట్టాల శ్రుతులూ విడిపోతాయి. ఆవిడ రెండింటినీ ధైర్యంగా కలిపి వాయించారంటే, ఎవరో ఆ బాకాల శ్రుతిని వేణువుల శ్రుతికి ఓపికగా తెచ్చి నిలబెట్టారన్నమాట.

జవాబు – మర్రిపాలెం మెకానిక్

ఒక్క చిన్న మాట. ఫోను స్పీకరులో వింటే కింది స్థాయి స్వరాలు దాదాపు వినిపించవు. మంచి హెడ్‌ఫోన్ పెట్టుకొని వినండి. రెండవది, ఆ పిచ్చుకలు పిచ్చుకలు కాకపోవచ్చు. స్పెయిన్ ఆర్గాన్లలో పక్షుల కూతకోసం చిన్న గొట్టాలను నీటిలో ముంచి పెట్టే ఏర్పాటు ఉంటుంది, లాస్ పిన్యాస్ ఆర్గాన్‌లో కూడా ఆ పక్షుల స్టాప్ ఉంది. ఆ గోల ఒక్కసారిగా మొదలై ఒక్కసారిగా ఆగిందేమో చూడండి.

ప్రశ్న అడిగినవారి నుండి – లాసన్స్ బే శ్రోత

అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి వీధి సద్దు అణిగిన తరువాత మనవడి హెడ్‌ఫోన్ పెట్టుకొని విన్నాను. ఎడమచేతి కింద మంద్రంలో నడిచే స్వరాల వరుస ఒకటి ఉందని ఇన్నేళ్ళకు తెలిసింది. పాతనగరం వారు చెప్పిన సందులు కూడా దొరికాయి. బాకాలు రావడానికి ముందు ఆవిడ ఒక్క క్షణం ఆగారు, నేను ఇన్నాళ్ళూ దానిని పేజీ తిప్పడానికి పట్టిన సమయం అనుకున్నాను. ముగింపులో వేళ్ళన్నీ ఒకేసారి లేచాయి, ఒక్క స్వరం కూడా వెనకబడలేదు, ఆ తరువాత చర్చి గోడల మోత మాత్రమే కొంతసేపు మిగిలింది.

పిచ్చుకల విషయం చెప్పడానికే మొహమాటంగా ఉంది. పోయిన సంక్రాంతికి మా మనవడు ఆ గోలను కంప్యూటరులో శ్రద్ధగా తుడిచేసి, తాతయ్యా, ఇప్పుడు శుభ్రంగా ఉంది అని నాకు ఇచ్చాడు, నేను వాడికి ఐదు వందలు కూడా ఇచ్చాను. మొదటి రికార్డు ఉన్న పాత ఫోను బీరువాలో ఉంది. దానికి సరిపోయే ఛార్జరు జగదాంబ దగ్గర దొరుకుతుందేమో రేపు వెళ్ళి చూస్తాను.