అప్‌డేట్: ఖరీదైన క్రీములు తగ్గించాక ఏమైందంటే (నల్గొండ)

ఇంటి అద్దె, స్కూలు ఫీజు రెండూ పెరిగాయి, నెలకు 3,000 దాటుతున్న బ్యూటీ సామాన్లలో ఏవి మానేయొచ్చని ఇక్కడ అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థ్యాంక్స్. ఇప్పుడు 900 లోపే అవుతోంది.

"అన్నీ ఒకేసారి ఆపొద్దు, ఒక్కొక్కటే తీసేసి చూడండి" అన్న సలహానే పనిచేసింది. ముందు టోనర్ (ముఖం కడిగాక రాసుకునే నీళ్లలాంటిది) మానేశా, తేడా ఏమీ లేదు. విటమిన్ సి సీరమ్ సీసాలోనే టీ డికాక్షన్ రంగుకి తిరిగింది, అంటే గాలి తగిలి పవర్ పోయినట్టే. మళ్లీ కొనలేదు. నైట్ క్రీమ్ బదులు మెడికల్ షాపులో దొరికే గ్లిజరిన్ ఉన్న మామూలు మాయిశ్చరైజర్ వాడుతున్నా.

సన్‌స్క్రీన్ మాత్రం మానొద్దన్నారు స్కిన్ డాక్టర్. మన ఎండలకు స్కూటీ మీద తిరిగేవాళ్లకు అది తప్పదట. ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30 లేదా ఆపైన, బ్రాడ్ స్పెక్ట్రమ్ (ఎండలోని యూవీఏ, యూవీబీ కిరణాలు రెండింటి నుంచీ కాపాడేది) అని ఉంటే చాలు, ధరతో పని లేదన్నారు. ముఖానికి, మెడకు కలిపి రెండు వేళ్ల పొడవునా క్రీమ్ పిండి తీసుకోవాలి, బయటే ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి.

నా చర్మం లాగినట్టుంటోందంటే, బోరు నీళ్లకు ఫిల్టర్ పెట్టించమన్నారు కొందరు. నా విషయంలో దాని అవసరం రాలేదు. దానికి కారణం బాగా నురగొచ్చే ఫేస్‌వాష్ అని డాక్టర్ తేల్చారు, మైల్డ్‌ది మార్చాక తగ్గింది. ముఖానికి నిమ్మరసం, వంటసోడా రాసే చిట్కా అయితే అస్సలు వద్దన్నారు.

లిప్‌స్టిక్ మాత్రం పాత బ్రాండే. బతుకమ్మకి అదే వేసుకుంటా, దాని మీద సలహాలొద్దు!