గోల్ఫ్ కోర్సులో గ్రీన్ల మీద పని జరుగుతోందని డబ్బు కట్టించుకునే ముందే చెప్పాలా, వద్దా?

తెల్లవారుజాము_ఆట (డాలస్ ఉత్తర శివార్లు), ప్రశ్న:

మా మామయ్యగారు ఆరు నెలలు మా దగ్గర ఉండి గత సోమవారం హైదరాబాద్ వెళ్లిపోయారు. ఆయనకు 71 ఏళ్లు. సైన్యంలో ఇంజనీరుగా ఉన్న రోజుల్లో గోల్ఫ్ నేర్చుకున్నారు. ఇప్పటికీ వారానికి ఒక్కసారైనా మైదానంలో నడవకపోతే ఆయనకు తోచదు. ప్రయాణానికి ముందు వచ్చే చివరి శనివారం ఆయన్ను ఒక మంచి కోర్సుకు తీసుకువెళ్లాలని నెల ముందే అనుకున్నాను. అది మా ఇంటికి 60 మైళ్లు. అక్కడ నేను ఒక్కసారే ఆడాను కానీ, ఆ గ్రీన్ల మీద, అంటే హోల్ చుట్టూ పొట్టిగా కోసిన పచ్చిక మీద, బంతి గీత గీసినట్టు దొర్లడం మరిచిపోలేదు. పది రోజుల ముందు ఫోను తెరమీదే ఉదయం 7:12కు టీ టైమ్ (ఆట మొదలుపెట్టే వేళ) తీసుకున్నాను. మనిషికి 89 డాలర్లు, నలుగురికి 356. డబ్బు అప్పుడే కట్టించుకున్నారు.

ఆ రోజు 4:45కే లేచాం. మా ఆవిడ పులిహోర కట్టి ఇచ్చింది. మామయ్యగారు హైదరాబాద్ నుంచి పంచెలో చుట్టి పెట్టెలో పెట్టుకుని తెచ్చుకున్న పాత పట్టర్‌ను (గ్రీన్ మీద బంతిని దొర్లించే కర్రను) ముందు రాత్రే తుడిచి తలుపు పక్కన ఆనించి పెట్టారు.

మొదటి హోల్‌లో ఆయన మూడో దెబ్బకు బంతి గ్రీన్ ఎక్కింది. సంతోషంగా కార్టు దిగి దగ్గరికి వెళ్లాం. గ్రీన్ అంతా రెండేసి అంగుళాలకు ఒక రంధ్రం, పైన పరిచిన ఇసుక. నాలుగు అడుగుల పట్ కొడితే బంతి ఎగిరి, పక్కకు తూలి, సగంలో ఆగిపోయింది. బూటుకు ఇసుక, బంతికి ఇసుక. 18 గ్రీన్లూ ఇంతే.

తొమ్మిది హోల్స్ అయ్యాక కౌంటర్‌కు వెళ్లి అడిగాను. "గురువారం ఏరేషన్ (నేలకు గాలి ఆడేలా రంధ్రాలు వేయడం) చేశాం సార్, మా వెబ్‌సైటులో కార్యక్రమాల పట్టికలో ఉంది" అన్నాడు అక్కడి కుర్రవాడు. నిజమే, ఉంది. టోర్నమెంట్ల తేదీలకూ, పిల్లల శిబిరానికీ మధ్య ఒక చిన్న వరుస. నేను డబ్బు కట్టిన తెరమీద మాత్రం ఒక్క అక్షరం లేదు. ఉదయం పేరు చెప్పి కార్టు తాళం తీసుకున్నప్పుడూ చెప్పలేదు. ధర తగ్గించలేదు. 24 గంటల ముందు రద్దు చేసుకోవాలన్నది వాళ్ల నియమం. తెలియనిదాన్ని ముందు రోజే ఎలా రద్దు చేసుకుంటాం?

మామయ్యగారు నన్ను ఊరడించడానికే చూశారు. ఆయన మొదట ఆడింది అసలు గ్రీన్లు లేని కంటోన్మెంట్ మైదానంలోనట. పచ్చిక బదులు నూనె కలిపిన ఇసుక, దాన్ని బ్రౌన్ అంటారు. పట్ కొట్టే ముందు కేడీ (ఆటగాడి సంచి మోసే మనిషి) గోనెపట్టా లాగి బంతి వెళ్లే దారి చదును చేసేవాడట. "అక్కడ ఇసుక అని అందరికీ తెలుసు బాబూ, ఇసుకకు తగ్గట్టే కొట్టేవాళ్లం" అన్నారు. ఆ మాట నా మనసులోంచి పోవడం లేదు.

ఏరేషన్ వద్దని నేను అనడం లేదు. అది చేయకపోతే గ్రీన్ చచ్చిపోతుందని తెలుసు. డబ్బు తీసుకునే చోట, ధర పక్కనే, "ఫలానా తేదీన గ్రీన్లకు రంధ్రాలు వేస్తున్నాం" అని ఒక వాక్యం రాయడం కోర్సు బాధ్యత అవునా, కాదా? మీ ఊళ్లలో ఎలా ఉంది?

గరికవేరు (జార్జియా):

నేను బాపట్లలో వ్యవసాయ డిగ్రీ చదివి, ఇక్కడికొచ్చి పచ్చిక నిర్వహణలో పని చేస్తున్నాను. ప్రస్తుతం ఒక కోర్సులో అసిస్టెంట్ సూపరింటెండెంట్‌ని. మీ శనివారం చదివి నాకు కష్టంగా అనిపించింది. ఎందుకంటే ఆ రంధ్రాలు వేసేవాళ్లలో నేనూ ఒకణ్ని.

ఊళ్లో మా నాన్నగారికి ఈ పని వివరించడానికి ఒకసారి ఇలా చెప్పాను. మాగాణిలో దమ్ము చేసేది నీరు ఇంకకుండా నేలను బిగించడానికి. ఇక్కడ మేం చేసేది దానికి పూర్తిగా విరుద్ధం. రోజూ వందల పాదాలు తొక్కి, యంత్రాలు తిరిగి, గ్రీన్ కింద నేల గట్టిపడుతుంది. దానికి తోడు చచ్చిన వేళ్లు, కాడలు కలిసి పైపొరలో స్పాంజిలా పేరుకుంటాయి. దాన్ని థాచ్ అంటాం. నీరు ఆ పొరలోనే నిలిచిపోతుంది, వేరు కిందికి దిగదు, జులై ఎండకు గడ్డి మాడిపోతుంది. అందుకే బోలు గొట్టాలతో మట్టి బొడిపెలు పీకేసి, ఆ సందుల్లో ఇసుక నింపుతాం.

పని ఎంత ఉంటుందో లెక్క చెబుతాను. అర అంగుళం గొట్టంతో రెండేసి అంగుళాలకు ఒకటి చొప్పున వేస్తే చదరపు అడుగుకు 36 రంధ్రాలు. 5,000 చదరపు అడుగుల గ్రీన్‌కు లక్షా 80 వేలు. అలాంటి గ్రీన్లు 18 ఉంటే 32 లక్షల పైమాటే. ఇంత చేసినా గ్రీన్ పైభాగంలో మేం తీసింది 5 శాతం లోపే. మూడు అంగుళాల లోతుకు ఇసుక నింపాలంటే ఒక్కో గ్రీన్‌కు రెండున్నర టన్నుల పైనే పడుతుంది.

గాయం మానాలంటే గడ్డి జోరుగా పెరిగే కాలంలోనే పని చేయాలి. మీ టెక్సాస్‌లో, మా జార్జియాలో వేడికి పెరిగే బెర్ముడా గడ్డికి అది మండు వేసవి. ఉత్తరాన చల్లదనానికి పెరిగే బెంట్‌గ్రాస్‌కు వసంతం, మళ్లీ వేసవి చివర. ఆడేవాళ్లు వచ్చేదీ అప్పుడే. ఎవరూ రాని జనవరిలో చేస్తే బెర్ముడా నిద్రలో ఉంటుంది, రంధ్రం రంధ్రంగానే మిగులుతుంది. ఎండలో ఆరోగ్యంగా ఉన్న బెర్ముడా అయితే పది రోజులు, రెండు వారాల్లో పూడుతుంది. చల్లటి చోట మూడు వారాలు కూడా పట్టవచ్చు.

ఇక మీరు అడిగినదానికి వస్తాను. తప్పకుండా చెప్పాలి. తేదీ తెలియదనే సాకు చెల్లదు. ఇసుక లారీ, అద్దె యంత్రం, అదనపు మనుషులు, వీటన్నిటికీ మేం నెలల ముందే మాట్లాడుకుంటాం. వాన పడితే రెండు మూడు రోజులు అటూ ఇటూ అవుతుంది. కాబట్టి ఒక్క తేదీకి బదులు "ఈ వారం" అని రాసినా చాలు. సమాచారం ఎక్కడ ఆగిపోతుందో కూడా నేను చూశాను. సూపరింటెండెంట్ మేనేజర్‌కు చెబుతాడు, మేనేజర్ సభ్యులకు ఉత్తరం పంపుతాడు. బయటి బుకింగ్ యాప్‌లో ఆ రోజుల టీ టైమ్ గడులు మామూలుగానే అమ్ముడవుతుంటాయి. కొన్ని కోర్సులు బుకింగ్ సంస్థకు రుసుము బదులు రోజూ కొన్ని టీ టైమ్‌లే ఇస్తాయి. ఆ గడుల ధర, వాటి పక్కన రాసే మాట కోర్సు చేతుల్లోనే ఉండవు.

అయితే ప్రతి పనికీ హెచ్చరిక అక్కర్లేదు. సూదుల్లాంటి సన్నని కడ్డీలతో గాలి ఆడించడం, పలుచగా ఇసుక చల్లడం రెండు మూడు రోజుల్లో కనపడకుండా పోతాయి. వాటికీ బోర్డు పెడితే చదివేవాళ్లు అసలు హెచ్చరికను కూడా దాటేస్తారు.

ముక్కుసూటి_స్లైస్ (చికాగో):

నేను వేరుగా ఆలోచిస్తాను, కోపగించుకోవద్దు. పచ్చిక పెరిగే చోట ఆడతాం కాబట్టి అడిగి తెలుసుకోవడం ఆడేవాడి పని. 20 ఏళ్లుగా ఆడుతున్నాను. ముందు రోజు ఫోను చేసి "గ్రీన్లకు ఎప్పుడు రంధ్రాలు వేశారు?" అని ఒక్క ప్రశ్న వేస్తాను. నన్ను ఇంతవరకూ ఎవరూ మోసగించలేదు.

నా అసలు భయం ఇంకొకటి. మా పురపాలక కోర్సుకు వచ్చే ఆదాయం అంతంతమాత్రం. రెండు వారాల పాటు ఎర్ర అక్షరాలతో హెచ్చరిక పెడితే ఆ రోజులు ఖాళీ. అప్పుడు డబ్బు చూసేవాళ్లు "ఈసారికి ఏరేషన్ ఆపుదాం" అంటారు. నేను మొదట ఆడిన ఒక కోర్సులో రెండేళ్లు అలాగే ఆపారు. మూడో వేసవిలో నాలుగు గ్రీన్లు పోయాయి. ఏడాదంతా ఫెయిర్‌వే (గ్రీన్ దాకా సాగే పచ్చిక దారి) మీద గడ్డి పొట్టిగా కోసి తాత్కాలిక గ్రీన్లు పెట్టారు. రెండు వారాల ఇసుక భరించడం కన్నా అది చాలా ఘోరం.

తెల్లవారుజాము_ఆట:

మీ భయం న్యాయమైనదే. అయినా ఒప్పుకోలేను. ఫోను చేయమన్నారు. ఏం అడగాలో తెలిసినవాడికి ఫోను పనికొస్తుంది. ఆట మొదలుపెట్టి ఆరు నెలలైనవాడికి ఏరేషన్ అనే మాటే తెలియదు. ఎక్కువ నష్టపోయేది వాడే. నా విషయంలో ఇంకోటి ఉంది. పది రోజుల ముందు బుక్ చేసినప్పుడే ఆ కోర్సుకు ఫోను కూడా చేశాను. మాటల్లో "గ్రీన్లు ఎలా ఉన్నాయి?" అంటే "చాలా బాగున్నాయి" అన్నారు. ఆ రోజుకు అది నిజమే. నేను వచ్చే శనివారానికి ఎలా ఉంటాయో వాళ్లకు తెలుసు, నాకు తెలియదు.

ఖాళీ గడుల గురించి: ధర తగ్గించి, కారణం రాస్తే వచ్చేవాళ్లు వస్తారు. 40 డాలర్లకు ఇసుక గ్రీన్ల మీద ఆడడానికి నేనూ సిద్ధమే. ఆ రోజు పట్‌ల లెక్క మానేసి, దూరపు దెబ్బలు సాధన చేసుకుంటాను. ముందే అలా రాసి ఉంటే మామయ్యగారి చివరి శనివారానికి వేరే కోర్సు చూసుకునేవాణ్ని.

ఎడారి_పచ్చిక (ఫీనిక్స్ దగ్గర):

మా వైపు ఇది ఇంకా పెద్ద వ్యవహారం. చలికాలంలో బెర్ముడా గోధుమరంగుకు తిరుగుతుంది కాబట్టి, సెప్టెంబర్ చివర నుంచి అక్టోబర్ దాకా చాలా కోర్సులు దాన్ని పొట్టిగా చెక్కేసి రై గడ్డి విత్తనం చల్లుతాయి. విత్తనం మొలిచేదాకా రోజంతా నీళ్లే. కోర్సు కొన్ని వారాలు మూసేస్తారు. తెరిచాక కూడా మొదట్లో కార్టు తన దారి వదిలి పచ్చిక మీదికి దిగకూడదు.

మూసివేత కనుక అందరూ ముందే ప్రకటిస్తారు, ఏ కోర్సు ఎప్పుడు అని ఊరందరికీ తెలుసు. తెరిచిన తర్వాతి వారాల సంగతే ఎవరూ చెప్పరు. మోకాలి శస్త్రచికిత్స అయిన మా అన్నయ్యను తీసుకువెళ్లాను. కార్టు దారి మీదే ఉండాలని అక్కడికి వెళ్లాక చెప్పారు. ప్రతి దెబ్బకూ దారి నుంచి బంతి దాకా 40, 50 గజాలు నడక, మళ్లీ వెనక్కి. ఏడో హోల్ దగ్గర ఆయన కూర్చుండిపోయారు. గ్రీన్లు బాగాలేకపోతే ఆట చెడుతుంది, ఇది మనిషి ఒంటి మీదికే వస్తుంది. హెచ్చరిక రాయాల్సిన వాటిలో కార్టు నిబంధనను మొదట పెట్టమంటాను.

నియమావళి_మిత్రుడు:

ఒక చిన్న విషయం. గోల్ఫ్ నియమాల్లో 2019 నుంచి గ్రీన్ మీద బూటు ముళ్ల గుర్తులు సరిచేసుకోవచ్చు కానీ, ఏరేషన్ రంధ్రాలు సరిచేయకూడదు. నియమం 13.1సి ప్రకారం అవి నిర్వహణలో భాగం, దెబ్బతిన్న చోటు కింద రావు. అయితే కోర్సు కావాలనుకుంటే ఈ-4 అనే నమూనా స్థానిక నియమం పెట్టవచ్చు. అప్పుడు బంతి రంధ్రంలో ఉన్నా, రంధ్రానికి తగులుతున్నా పెనాల్టీ లేకుండా పక్కకు జరపవచ్చు. రంధ్రం బంతి వెళ్లే దారిలో ఉన్నంత మాత్రాన ఆ వెసులుబాటు రాదు. అంటే నాలుగు అడుగుల పట్‌కు నియమాల పుస్తకం సాయపడదు. హెచ్చరిక వాక్యం రాసేటప్పుడు ఈ-4 అమల్లో ఉందో లేదో కూడా రాస్తే మేలు.

తెల్లవారుజాము_ఆట, ఐదు వారాల తరువాత:

మీరందరూ రాసినవి దగ్గర పెట్టుకుని ఆ కోర్సు మేనేజర్‌కు ఉత్తరం రాశాను. డబ్బు వెనక్కి అడగలేదు. గరికవేరు గారి లెక్క, చికాగో మిత్రుడి భయం రెండూ రాసి, ధర పక్కన ఒక వాక్యం, ఆ పది రోజులకు తక్కువ ధర, ఈ రెండే అడిగాను. కార్టు సంగతి కూడా చేర్చాను.

తొమ్మిది రోజులకు జవాబొచ్చింది. నలుగురికీ మళ్లీ ఒకసారి ఉచితంగా ఆడుకోమన్నారు. మామయ్యగారు వెళ్లిపోయారని, ఆయన వంతు ఎవరికీ వద్దని రాశాను. నిన్న ఆగస్టు తేదీలు తెరిచి చూశాను. కోర్సు సొంత బుకింగ్ పేజీలో ఆ వారం గడుల కింద "గ్రీన్లకు ఏరేషన్, కోలుకోవడానికి 10 నుంచి 14 రోజులు" అని ఉంది. ధర 49 డాలర్లు. బయటి యాప్‌లో మాత్రం అదే రోజు, అదే గంట, 89 డాలర్లు, పక్కన ఏమీ లేదు. ఆ యాప్ వాళ్లకు ఈ రాత్రే రాస్తున్నాను. మీ ఊళ్లలో ఇలాంటి తేడా కనిపిస్తే తెర బొమ్మ తీసి ఇక్కడ పెట్టండి, అన్నీ కలిపి పంపుదాం.

గరికవేరు గారూ, రంధ్రాలు వేసిన ఆరో రోజుకు ఇసుక ఎంత దిగి ఉంటుంది? 49 డాలర్లకు ఆ రోజే తీసుకున్నాను. మామయ్యగారు తన పట్టర్ ఇక్కడే వదిలి వెళ్లారు. దానితోనే ఆడాలనుకుంటున్నాను.