బాబుతో పాటు వచ్చిన మందుల సంచి: ఏది ఇవ్వాలి, ఏది పక్కన పెట్టాలి?

ప్రశ్న: సత్యనారాయణపురం గృహిణి (విజయవాడ)

అందరికీ నమస్కారమండి. బాలల సంక్షేమ కమిటీ ద్వారా ఫోస్టర్ కేర్ కింద (అంటే దత్తత కాదు, మా ఇంట్లో ఉంచి చూసుకోవడానికి) ఒక బాబు ఈ మధ్యే మా ఇంటికొచ్చాడు. ఏడేళ్లు, బరువు ఇరవై కిలోలు. ఫిట్స్‌కి మందు వాడుతున్నాడు, చలిగాలి తగిలితే పిల్లికూతలు వస్తాయన్నారు. అంతకుముందు ఉన్న పిల్లల హోమ్ వాళ్లు బట్టలు ఒక సంచిలో, మందులు ఒక క్యారీ బ్యాగులో వేసి పంపారు. బట్టల సంచి సర్దడానికి పావుగంట పట్టింది. మందుల బ్యాగు మాత్రం ఇంకా డైనింగ్ టేబుల్ మీదే ఉంది.

అందులో సిరప్ సీసాలు రెండున్నాయి. కంపెనీలు వేరు, పేర్లు వేరు, కానీ రెండింటి మీదా కింద చిన్న అక్షరాల్లో సోడియం వాల్ప్రోయేట్ 200 మి.గ్రా./5 మి.లీ. అనే ఉంది. చీటీ జెరాక్సులో ఒక పేరే రాసి పక్కన "5 ఎంఎల్ బీడీ" అని ఉంది. రెండో సీసా ఎందుకు పెట్టారో తెలీదు. సగం వాడిన యాంటీబయాటిక్ సీసా ఒకటి, అడుగున గడ్డకట్టి ఉంది. నీలం రంగు ఇన్హేలర్. కత్తిరించిన షీటు ముక్కలో నాలుగు బిళ్ళలు, వెనకాల "...లుకాస్ట్ సోడియం" అన్నంత వరకే మిగిలింది. కాగితం పొట్లంలో కొన్ని తెల్ల బిళ్ళలు, పేరూ ఊరూ లేవు. ఇంకా ముక్కులో కొట్టే చిన్న స్ప్రే ఒకటి. దాని మీద మిడజోలం అని, ఎర్ర గళ్లలో ఏదో హెచ్చరిక. చీటీలో దానికెదురుగా "ఎస్ఓఎస్" అని రాశారు.

నిన్న రాత్రి వాడికి ముక్కు దిబ్బడేసింది. మా అత్తగారు "ముక్కులో కొట్టే మందు ఉందిగా, రెండు కొట్టు" అన్నారు. ఆ ఎర్ర గళ్లు చూసి నాకు చెయ్యి రాలేదు, ఆవిరి పట్టించి ఊరుకున్నా. మా వారేమో "ఆర్నెల్లుగా ఫిట్స్ రాలేదంటున్నారు, ఆ మందు లివర్‌కి మంచిది కాదట, మెల్లగా తగ్గిద్దాం" అంటున్నారు. సోమవారం సూర్యారావుపేటలో పిల్లల డాక్టర్ దగ్గర నంబరు దొరికింది. అప్పటిదాకా ఏది ఇవ్వాలి, ఏది ఆపాలి? లేబుల్ మీద ముందు ఏం చూడాలి? ఫొటో పెడుతున్నాను.

జవాబు: కృష్ణలంక కుర్రోడు

అక్కా, ముందు ఆ ఫొటో తీసెయ్యండి. చీటీ మీద బాబు పేరు, హోమ్ పేరు స్పష్టంగా కనిపిస్తున్నాయి. జువెనైల్ జస్టిస్ చట్టం 2015, సెక్షన్ 74 ప్రకారం ఇలాంటి పిల్లల వివరాలు బయటపెట్టకూడదు. మందుల పేర్లు టైప్ చేశారు కదా, చాలు.

జవాబు: కొత్తపేట మందుల షాపు (గుంటూరు)

ఫొటో తీసేశారు, మంచిదమ్మా. నాది గుంటూరు కొత్తపేటలో మందుల షాపు. చుట్టూ ఆసుపత్రులే కాబట్టి పొద్దున్నుంచి రాత్రి దాకా ఇవే ప్రశ్నలు.

ముందు ఆ స్ప్రే సంగతి. అది జలుబు మందు కాదు. చీటీలో ఎస్ఓఎస్ అంటే అవసరమైనప్పుడు మాత్రమే అని. మిడజోలం నిద్రపట్టించే జాతి మందు. ఫిట్ మొదలై ఐదు నిమిషాలైనా ఆగకపోతే ముక్కులో కొట్టడానికి ఇస్తారు. ఊరికే కొడితే పిల్లాడు మత్తుగా పడిపోవచ్చు, శ్వాస మందగించవచ్చు. మీ చెయ్యి రాకపోవడమే మంచిదైంది. అది షెడ్యూల్ హెచ్1 మందు, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన, గట్టి నిఘా ఉన్న మందుల జాబితాలోది. 2014 మార్చి నుంచి ఆ జాబితాలో ఉన్న వాటికి లేబుల్ మీద ఎర్ర గళ్లలో హెచ్చరిక ఉండాలి. మేం అమ్మినప్పుడు రాసిన డాక్టర్ పేరు, వాడే మనిషి పేరు వేరే రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. ఎర్ర గళ్లు కనిపిస్తే ఇంట్లో ఎవరి మాట మీదా అది వాడొద్దు. అలాగని దూరంగా దాచెయ్యొద్దు కూడా. పిల్లాడికి అందకుండా, మీకు చీకట్లో కూడా అందేలా ఒకచోట పెట్టండి. ఎన్ని కొట్టాలి, ఏ ముక్కులో, ఎప్పుడు 108కి ఫోన్ చెయ్యాలి, ఇవి సోమవారం డాక్టర్ చేత కాగితం మీద రాయించుకోండి. ఒక్కో కంపెనీ స్ప్రేలో ఒక్కో నొక్కుకి వచ్చే మోతాదు వేరు, కాబట్టి సీసా కూడా తీసుకెళ్లి చూపించండి. ఈలోగా ఫిట్ వచ్చి ఐదు నిమిషాల్లో ఆగకపోతే ఆలోచించకుండా 108.

ఇక రెండు వాల్ప్రోయేట్ సీసాలు. రెండూ ఒకే మందు. ఒకటే పొయ్యాలి. పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. దాని కింద సన్నగా, పక్కన ఐపీ అని ఉండేదే అసలు మందు. ఐపీ అంటే ఇండియన్ ఫార్మకోపియా ప్రమాణం ప్రకారం తయారైందని. చీటీ ప్రకారం పూటకి 5 మి.లీ., అంటే 200 మి.గ్రా. రెండు పూటలకి 400. ఇరవై కిలోల బిడ్డకి అది మామూలు మోతాదే. రెండు సీసాలూ పోస్తే 800 అవుతుంది. అప్పుడు వాంతులు, వణుకు, బాగా మగత రావచ్చు. "కొత్త ఇల్లు కదా, దిగాలుగా ఉన్నాడు" అనుకుంటారు మీరు. హోమ్‌లో చివరగా పోసిన సీసా ఏదో ఈ రోజే ఫోన్ చేసి అడగండి, అదే కొనసాగించండి, రెండోది కట్టి పక్కన పెట్టండి.

బీడీ అంటే రోజుకి రెండుసార్లు. ఫిట్స్ మందుకి మాత్రం దాన్ని పన్నెండు గంటలకోసారి అని చదువుకోండి. పొద్దున ఏడుకి పోస్తే రాత్రి ఏడుకి. పొద్దున తొమ్మిదికి ఒకటి, సాయంత్రం స్కూలు నుంచి రాగానే ఇంకొకటి పోస్తే రాత్రంతా ఖాళీ. చెంచాతో పొయ్యకండి, మనిళ్లలో టీ చెంచాలు అన్నీ ఒక కొలత కావు. షాపులో సూది లేని 5 మి.లీ. సిరంజి అడగండి.

మీ వారికి నా మాటగా చెప్పండి: వాల్ప్రోయేట్ లివర్ మీద పనిచేస్తుందన్నది నిజమే, అందుకే డాక్టర్లు రక్తపరీక్ష రాస్తారు. కానీ డాక్టర్ చెప్పకుండా మనమే తగ్గిస్తే మళ్లీ ఫిట్లు రావచ్చు, ఒక్కసారిగా ఆపితే ఆగకుండా ఫిట్లు వచ్చే ప్రమాదం ఉంది. ఆర్నెల్లుగా రాలేదంటే మందు పనిచేస్తోందనే కదా.

యాంటీబయాటిక్ సీసా పారబోయండి. పొడి మందులో కాచి చల్లార్చిన నీళ్లు గీత దాకా పోసి కలిపాక సాధారణంగా ఏడు రోజులే దాని ఆయువు. సీసా మీద వచ్చే ఏడాది ఎక్స్‌పైరీ ఉందని జనం దాస్తుంటారు, ఆ తేదీ కలపని పొడికి. మళ్లీ ఎప్పుడైనా కలిపితే ఆ రోజు తేదీ స్కెచ్ పెన్నుతో సీసా మీదే రాయండి.

తెల్ల బిళ్ళలు ఏమిటో చూపుతో చెప్పగలిగే మందులషాపు వాడు ఎవడూ లేడు. చెప్పాడంటే నమ్మకండి.

నీలం ఇన్హేలర్ సాల్బుటమాల్ అయి ఉండొచ్చు, పేరు చదివి ఖాయం చేసుకోండి, రంగుని నమ్మొద్దు. సాల్బుటమాల్ అయితే ఆయాసం వచ్చినప్పుడు వాడేది. ఏడేళ్ల పిల్లాడికి స్పేసర్ గొట్టంతోనే ఇవ్వాలి, లేకపోతే మందు చాలావరకు నోట్లో, గొంతులోనే ఆగిపోతుంది. బ్యాగులో స్పేసర్ గురించి మీరు రాయలేదు, అడిగి తెప్పించుకోండి.

జ్వరం, జలుబు మందుల్లో జాగ్రత్త. పారాసెటమాల్ సిరప్ 5 మి.లీ.కి 125 ఉంటుంది, 250 ఉంటుంది. డబ్బాలు అక్కాచెల్లెళ్లలా ఒకేలా ఉంటాయి. కిలోకి 10 నుంచి 15 మి.గ్రా. లెక్కన డాక్టర్ ఎన్ని మి.గ్రా. రాశారో చూసి మి.లీ. కొలవాలి. కొన్ని జలుబు సిరప్‌ల్లో కూడా పారాసెటమాల్ కలిపి ఉంటుంది, జ్వరం మందుతో కలిస్తే రెట్టింపు. నిమెసులైడ్ పన్నెండేళ్ల లోపు పిల్లలకి 2011లోనే నిషేధించారు, మీ అత్తగారి నొప్పుల డబ్బాలో ఉందేమో చూసి వేరే అరలో పెట్టండి.

జవాబు: పటమట బాబాయ్

ఇంత భయపెట్టక్కర్లేదండీ. మా అన్నయ్య కొడుక్కి చాన్నాళ్లు ఫిట్స్ రాకపోయేసరికి మేమే ఆపేశాం. ఏమీ కాలేదు. వాడిప్పుడు ఇంజనీరింగ్.

జవాబు: కొత్తపేట మందుల షాపు (గుంటూరు)

బాబాయ్ గారూ, మీవాడి అదృష్టం బాగుంది, సంతోషం. మామూలుగా రెండేళ్లు ఫిట్స్ లేకుండా గడిచాక డాక్టర్ ఆలోచిస్తారు, అది కూడా నెలల తరబడి కొంచెం కొంచెం తగ్గిస్తూ. ఈ బిడ్డకి ఆర్నెల్లే. పైగా వాడి మీద నిర్ణయం ఇంటివాళ్లది ఒక్కరిదే కాదు, కమిటీకి జవాబు చెప్పాలి.

జవాబు: మంగళగిరి రోడ్ అమ్మ (గుంటూరు)

మా ఇంట్లో కూడా ఫోస్టర్ కేర్ పాప ఉందండి, తొమ్మిదేళ్లు. షాపు ఆయన మందుల గురించి చెప్పారు, నేను పిల్లల వైపు నుంచి చెప్తా.

మీ షీటు ముక్క మీద "లుకాస్ట్" అని ఉందన్నారు కదా, అది మాంటెలుకాస్ట్ అయి ఉంటుంది, ఆయాసం రాకుండా రాత్రిపూట వేసేది. ఆరేళ్లు దాటిన పిల్లలకి మామూలుగా 5 మి.గ్రా. నమిలే బిళ్ళ. మా పాపకీ ఇదే వేసేవాళ్లం. రాత్రిళ్లు లేచి కూర్చుని గోడ వైపు చూస్తూ ఏడ్చేది, పగలు చిన్న మాటకే గిన్నె విసిరేసేది. అందరం ఒకటే మాట, "పాపం, ఏం చూసొచ్చిందో" అని. కౌన్సెలింగ్‌కి కూడా తీసుకెళ్లాం. ఒక రోజు డాక్టర్ గారు డబ్బాలోని కాగితం విప్పమని, సన్న అక్షరాల్లో పీడకలలు, చిరాకు, మనసు మారిపోవడం అని రాసి ఉన్న చోట వేలు పెట్టి చూపించారు. ఈ మందు మీద 2020లో అమెరికా మందుల సంస్థ గట్టి హెచ్చరిక పెట్టించిందట. మందు మార్చారు. గిన్నె విసరడం పూర్తిగా పోలేదు, అది దాని స్వభావంలో కొంత ఉన్నట్టుంది. రాత్రి నిద్ర మాత్రం కుదురుకుంది.

మన పిల్లల విషయంలో ఇదే చిక్కు. కన్నబిడ్డ మందేసుకున్నాక మగతగా ఉంటే మందు పడలేదేమో అంటాం. ఈ పిల్లలు మగతగా ఉంటే దిగులంటాం, విసుక్కుంటే మొండితనమంటాం. ఫిట్స్‌కి వాడే లెవెటిరాసెటామ్ వల్ల కూడా కొందరు పిల్లలు విపరీతంగా విసుక్కుంటారు. కాబట్టి కొత్తగా ఏ ప్రవర్తన కనిపించినా, ఏ మందు ఏ తేదీన మొదలైందో పక్కన పెట్టి చూడండి.

దానికి నేను వంద పేజీల నోట్‌బుక్ పెట్టా. ఎడమ పేజీలో మందు, టైము, ఇచ్చింది ఎవరు. కుడి పేజీలో ఆ రోజు నిద్ర, తిండి, స్కూల్లో టీచర్ చెప్పింది. ఇచ్చినవాళ్లు వెంటనే టిక్కు పెట్టాలి. నేను ఇచ్చి వంటింట్లోకెళ్తే మా ఆయన మళ్లీ ఇవ్వకుండా అదే కాపు. మందు మారినప్పుడల్లా కొత్త చీటీ ఫొటో జిల్లా బాలల రక్షణ విభాగం సోషల్ వర్కర్‌కి పంపుతా, ఆపరేషన్ లాంటివైతే ముందే అడగమని మాకు చెప్పారు. పాప ఎప్పుడైనా వేరే చోటికి వెళ్లాల్సి వస్తే ఆ పుస్తకం దానితోపాటే వెళ్తుంది. మీకొచ్చినట్టు క్యారీ బ్యాగు ఒక్కటే వెళ్లకూడదు.

ఇంకోటి, షీటు కత్తిరించి ఇస్తే ఎక్స్‌పైరీ, బ్యాచ్ నంబరు ఉన్న కొస షాపువాడి దగ్గరే ఉండిపోతుంది. ఆ కొస మనకే ఇమ్మనండి, కాదంటే ఫోన్లో ఫొటో తీసుకోండి. మందుల డబ్బా స్టవ్వు పక్కన వద్దు. చాలా వాటి లేబుల్ మీద 30 డిగ్రీలు దాటకూడదని ఉంటుంది, మన మే నెల సంగతి తెలిసిందే. అలాగని అన్నీ ఫ్రిజ్‌లో తొయ్యకండి, 2 నుంచి 8 డిగ్రీలని రాసి ఉన్నవే ఫ్రిజ్‌లోకి.

వాడు మందు తాగనని మారాం చేస్తున్నాడా? మా పాప మొదట్లో నోట్లో పెట్టుకుని బాత్రూంలో ఉమ్మేసేది. "ఇది నీకు ఎందుకో తెలుసా" అని అడిగితే తెలీదంది. అంతకుముందు ఎవరూ చెప్పలేదు.

జవాబు: సత్యనారాయణపురం గృహిణి (విజయవాడ)

అందరికీ థ్యాంక్సండి. డాక్టర్ గారిని కలిసొచ్చాం. సీసాలు, స్ప్రే, షీటు ముక్క, పొట్లం అన్నీ ఆ క్యారీ బ్యాగుతోనే డాక్టర్ గారి టేబుల్ మీద పెట్టా.

వాల్ప్రోయేట్ ఒకటే, పన్నెండు గంటలకోసారి 5 మి.లీ. రెండో సీసా కథ ఏంటంటే, షాపులో మొదటి కంపెనీది లేక వేరే కంపెనీది ఇచ్చారట, తర్వాత మొదటిది దొరికితే అదీ తెచ్చారు. లివర్ పరీక్ష రాశారు, మా వారు అక్కడే కూర్చుని విన్నారు, ఇక తగ్గిద్దామన్న మాట లేదు. స్ప్రే ఎలా కొట్టాలో నర్సు గారు చూపించారు. ఎన్ని, ఎప్పుడు అన్నది డాక్టర్ గారు రాసిచ్చిన కాగితం బీరువా తలుపుకి లోపలివైపు అంటించా. అత్తగారికి చదివి వినిపించా కూడా, "నాకెందుకు చెప్పలేదే ముందే" అని నన్నే కసిరారు.

మాంటెలుకాస్ట్ ప్రస్తుతానికి ఆపి, పిల్లికూతలు ఎన్నిసార్లు వస్తాయో రాసుకుని రమ్మన్నారు. స్పేసర్ కొన్నాం. తెల్ల బిళ్ళల గురించి హోమ్‌కి ఫోన్ చేస్తే "కాల్షియం అనుకుంటానమ్మా" అన్నారు. అనుకునే మందు నేను వెయ్యను, పొట్లం ఆసుపత్రిలోనే ఇచ్చేశా.

మందు ఎందుకో వాడిని అడిగానండి. "అల్లరి చెయ్యకుండా ఉండటానికి" అన్నాడు. ఎవరు చెప్పారో మరి. ఫిట్స్ అంటే ఏమిటో ఏడేళ్ల వాడికి అర్థమయ్యేలా ఎలా చెప్పాలి, మీలో ఎవరైనా చెప్పి ఉంటే రాయండి. స్కూల్లో టీచర్‌కి ఎంతవరకు చెప్పాలో కూడా.

జవాబు: మంగళగిరి రోడ్ అమ్మ (గుంటూరు)

టీచర్‌కి ఫిట్ వస్తే ఏం చెయ్యాలో మాత్రం చెప్పండి: పక్కకి తిప్పి పడుకోబెట్టడం, నోట్లో ఏమీ పెట్టకపోవడం, చేతిలో తాళాలు పెట్టకపోవడం, టైము చూడటం, మీకు ఫోన్ చెయ్యడం. వాడు ఎక్కడి నుంచి వచ్చాడన్నది ఆవిడకి అక్కర్లేదు. వాడికి ఎలా చెప్పాలన్నది పెద్ద సంగతి, రేపు పాప స్కూలుకెళ్లాక తీరిగ్గా రాస్తా.