డాన్ లారెన్స్ కామిక్ 'స్టార్మ్' ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత బ్రిటిష్ కామిక్స్ తెలిసినవాళ్ళు కాస్త సాయం చెయ్యండి. డాన్ లారెన్స్ బొమ్మలేసిన 'ట్రైగన్ ఎంపైర్' మొదటి సంపుటం (2020లో రెబెలియన్ వేసింది) ఇప్పుడే పూర్తిచేశాను. రోమన్ సైనికుల్లాంటి వేషాలు, నెత్తిమీద ఎగిరే యంత్రాలు! కథ మామూలే అనుకోండి. కానీ ఆ కండల మీద పడే వెలుగు, అంగీల మడతలు... ఒక్కో పేజీ తైలవర్ణచిత్రంలా ఉంది. వారం వారం పత్రికకి అలా ఎలా గీశారో!

1965లో 'రేంజర్' వారపత్రికలో మొదలైన ఈ కథ మరుసటి ఏడాది 'లుక్ అండ్ లెర్న్'లోకి మారింది. యూరప్‌లో బోలెడు చోట్ల అచ్చవుతున్నా తనకి పైసా రావట్లేదని తెలిసి ఆయన 1976లో మానేశారట. చదివితే నాకే ఒళ్ళు మండింది. తర్వాత డచ్ ప్రచురణకర్తలకి 'స్టార్మ్' గీశారు.

'స్టార్మ్' వరసగా చదవాలా, పాండార్వే అనే గ్రహం మీద జరిగే తర్వాతి కథలతో మొదలుపెట్టినా అర్థమవుతుందా? ఇంగ్లీషులో ఏ ముద్రణలో రంగులు బాగుంటాయి? ఆయన మానేశాక ట్రైగన్‌కి వేరేవాళ్ళు బొమ్మలేశారు కదా, ఆ సంపుటాలు కూడా కొనదగ్గవేనా? హైదరాబాద్‌కి తెప్పించుకున్నవాళ్ళుంటే, కస్టమ్స్‌తో కలిపి ఎంతయిందో కూడా చెప్పండి.