మూడంతస్తుల బయటి ప్లాస్టరింగ్‌కు పరంజా: ఏం చూసుకోవాలి?

ప్రశ్న: జీ+2 ఇల్లు, ఎత్తు సుమారు 10 మీటర్లు. మేస్త్రి సర్వి కర్రలు చాలంటున్నాడు. పైపు పరంజా తప్పనిసరా? కింద నింపుడు మట్టి.

జవాబు 1: కర్ర కంటే ముందు మట్టి సంగతి చూడండి. నింపుడు మట్టిలో ఒక్క కాలు దిగితే పైన అంతా వంగుతుంది. దిమ్మిస కొట్టించి, మందపాటి చెక్క పరిచి, దాని మీద బేస్ ప్లేట్ (కాలి కింద పెట్టే ఇనుప పలక) పెట్టాలి. ఇటుకముక్కలు పెట్టొద్దు, బరువుకు చిట్లిపోతాయి. కర్రలైతే పుచ్చు, చీలిక ఉన్నవి ఏరేయండి. కొబ్బరితాడు తడిసి ఎండితే వదులవుతుంది. నేనైతే పైపులే అంటాను.

జవాబు 2: పరంజా ఎత్తు దాని అడుగు వెడల్పుకు 4 రెట్లు దాటితే గోడకు కట్టాల్సిందే. నిలువునా 4 మీటర్లకొక కట్టు వేయించండి. కిటికీ గ్రిల్‌కు కాదు, పిల్లరుకో స్లాబుకో. అసలు చిక్కు ఇక్కడే: పూతకు అడ్డమొస్తోందని మేస్త్రీలు కట్టు విప్పేస్తారు, మళ్లీ వేయరు. పక్కన కొత్త కట్టు వేశాకే పాతది విప్పాలి.

జవాబు 3: నిలబడే చోట పలకలు సందు లేకుండా పరిచి, చివర్లు కట్టేయాలి. మీటరు ఎత్తులో చేతిపట్టీ, మధ్యలో ఇంకొకటి, అడుగున 15 సెం.మీ. అంచుపలక.

ప్రశ్నించినవారు: సేఫ్టీ బెల్టు ఉంటే రెయిలింగ్ (చేతిపట్టీ) మానేయొచ్చా?

జవాబు 2: వద్దు. బెల్టుకుండే 1.8 మీటర్ల తాడు, షాక్ అబ్జార్బర్ (పడే కుదుపు తగ్గించే భాగం) సాగడం, మనిషి ఎత్తు, కాస్త భద్రతా మిగులు కలిపితే కొక్కెం తగిలించిన చోటి నుంచి కింద దాదాపు 6 మీటర్ల ఖాళీ కావాలి. మొదటి అంతస్తులో కాళ్ల దగ్గర కొక్కెం తగిలిస్తే తాడు బిగిసి ఆపేలోపే నేల తగులుతుంది. కొక్కెం తలపైన, స్లాబుకు బిగించిన లంగరుకు (గట్టి పట్టుకు) వేయించండి.